హిందూపురం పాఠకుడు

"నాయనా, ఈ బ్లాగు తీసేస్తాండా," అని ఉమారాణి సెల్‌ఫోను మంచం మీదికి విసిరేసింది.

మగ్గం గుంతలో కూర్చున్న నరసింహులు పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే అడిగాడు. "ఎందుకు పాపా? మొన్ననే కదా మొదలుపెట్టిండేది."

"మొన్నేంది, ఏడు నెలలాయ. నలభై ఒక్క వ్యాసాలు రాసినా. నిన్న ఎన్నిసార్లు చూసినారో తెలుసునా? మూడు. అందులో రెండుసార్లు నేనే."

ఒళ్లు మండిపోతోంది ఆమెకు. ధర్మవరంలో వాళ్ల వీధిలో సగం మగ్గాలు మూలనపడ్డాయి. నరసింహులు మగ్గం ఇంకా ఆడుతోందంటే ఒకటే కారణం, అంచు మీద ఆయన నేసే జంట నెమళ్లు. ఆ గీత ఆయన సొంతం. ఇంకో మగ్గం మీద కనబడదు కాబట్టే హిందూపురంలో చీరల అంగడి హనుమంతప్ప ఆ చీరలను అడిగి మరీ తీసుకుంటాడు. ఆ సంగతి నలుగురికీ తెలిస్తే నాయన మగ్గానికి ఢోకా ఉండదని ఆమె రాయడం మొదలుపెట్టింది.

నలుగురు ఏరీ? వచ్చిన కామెంట్లలో ఒకటి లోను కావాలా అని, ఇంకోటి పొట్ట తగ్గాలా అని. చిన్నాన్న కూతురు గీతాంజలైతే, "ఇంత చాంతాడు ఎవురు చదువుతారే, చీర కట్టుకోని డాన్సు చెయ్యి" అంది. పోనీ ఉత్సాహం నిలబెట్టుకోవడం ఎలాగో చూద్దామని నెట్లో వెతికితే, రోజూ పొద్దున అద్దంలో చూసుకుని నవ్వమని ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు. ఉమారాణి ఆ పేజీ మూసేసింది.

సరిగ్గా అప్పుడే మంచం మీద ఫోను మోగింది. కొత్త కామెంటు.

"అమ్మా, మీ రాతలు ఒక్కటి వదలకుండా చదువుతున్నాను. ఆ నెమలి అంచు వెనక ఎంత లెక్క ఉందో! గ్రాఫు కాగితం ఒక్కసారి చూపిస్తారా? దయచేసి రాయడం ఆపకండి. - కళాభిమాని, హిందూపురం."

నాలుగుసార్లు చదువుకుంది. ప్రాణం లేచొచ్చింది.

"నాయనా, ఒకాయన చదువుతాండాడు. నీ గ్రాఫు చూడాలంట."

నరసింహులు నాడె ఆగింది. "గ్రాఫు కాగితం పెట్టెలో పెట్టి తాళమేసుకునేది కదా పాపా మనోళ్ల పద్ధతి."

"ఆ తాళాలేసుకునే కదా మన వీధి ఇట్లయిపోయిండేది. నాకు అసహ్యం నాయనా ఈ దాపరికం. ఉండేదే ఒక్క పాఠకుడు."

కూతురి మొహం చూసి ఆయన మొలతాడుకున్న తాళంచెవి తీసిచ్చాడు.

కాగితం పసుపుపచ్చగా మాగిపోయి ఫొటోకు లొంగలేదు. ఒక గడి ఒక పోగు అన్న లెక్కన మూడు రోజులు కంప్యూటర్లో గీసి, బ్లాగులో పెట్టి, నాయనకు చూపించింది. ఆయన కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపాడు.

"ఏం పాపా, ఈ ఎడమపక్క నెమలికి రెండో కాలు యాడపాయ?"

"అయ్యో, గళ్లు ఎగిరిపోయినట్టుండాయి. దిద్దుతాలే."

"దిద్దు. నా చేత్తో ఎన్నడూ కుంటి నెమలిని నేయలా."

అంతలో మళ్లీ ఫోను మోగింది. "అద్భుతం! కొంగు గ్రాఫు ఎప్పుడు పెడతారు? - కళాభిమాని." ఇక దిద్దుబాట్లు ఎక్కడ గుర్తుంటాయి? కొంగు పెట్టింది. అది చూసి ఆయన రంగుల గురించి అడిగాడు. రంగులు రాస్తే జరీ గురించి అడిగాడు. వారం తప్పకుండా అడిగేవాడు, ఆమె వారం తప్పకుండా రాసేది. "రాయాలంటే ఒక్క పాఠకుడు చాలు" అని ఒక వ్యాసం కూడా రాసి పారేసింది.

నాలుగు నెలల తర్వాత రెండు చీరలు సంచిలో పెట్టుకుని హిందూపురం రైలెక్కింది. పెనుకొండ స్టేషన్లో ఆగినప్పుడు, "ఈరోజు మీ ఊరికి వస్తున్నాను, ఒక్కసారి కలుస్తారా?" అని ఆయనకు జవాబు పెట్టింది. రైలు దిగేదాకా ఉలుకూ పలుకూ లేదు. పెద్దమనిషి, ఏ పనిలో ఉన్నాడో అనుకుంది.

"రామ్మా," అన్నాడు అంగట్లో హనుమంతప్ప. "మీ నెమలికి భలే పేరొచ్చింది. ఈ నెల్లో వచ్చే పెండ్లోళ్లందరూ అదే అడుగుతాండారు."

ఉమారాణి మొహం చాటంతయింది. "నా బ్లాగు చదివింటారన్నా."

"అదేమో నాకు తెల్దు. ఈసారికి మీ చీరలు మాత్రం వద్దమ్మా."

"పేరొచ్చిందంటివే?"

"వచ్చింది నెమలికి. పవర్‌లూం సరుకు దిగిండాది, రేటులో మీదాంట్లో నాలుగో వంతు. మీ నాయనే గీసిచ్చినాడేమో అనుకొంటి."

"మా నాయన చచ్చినా ఇయ్యడు."

హనుమంతప్ప ఒక కట్ట లాగి పైచీర ఆమె ముందు పరిచాడు. అవే నెమళ్లు, అదే కొంగు, అవే రంగులు. పట్టుకుంటే జారిపోతున్న ఆ నకిలీ పట్టు ముట్టుకోవడానికే ఆమెకు రోత పుట్టింది. ఎవడో నాయన చీర ఒకటి కొని, ముందు పెట్టుకుని కాపీ కొట్టాడు. ఛీ, ఏం బతుకులు.

ఈ దొంగ సంగతి రేపే రాయాలి. అందరికంటే ముందు కళాభిమానికే ఒళ్లు మండుతుంది, ఆయనైతే నలుగురికీ చెబుతాడు. ఫొటో తీద్దామని అంచును వెలుతురులోకి లాగి, ఫోను దగ్గరగా పెట్టింది.

ఎడమపక్క నెమళ్లన్నిటికీ ఒకటే కాలు.