మీసానికి సరిపడా వోల్టేజ్

"ఇంకాస్త పెంచితే కొంప అంటుకుంటుంది బావా," అన్నాడు బావమరిది, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

బావ వినలేదు. వినే మనిషైతే పందెం మీసం దాకా వచ్చేదే కాదు.

ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం వస్తే ఇద్దరూ భోజనాల బల్ల మీద చెరో కంప్యూటర్ ఎదురెదురుగా పెట్టుకుని కార్ల రేసు ఆడతారు. ఎప్పుడూ బావే ఓడిపోతాడు. ఓడినప్పుడల్లా తప్పు తనది కాదనీ, కంప్యూటర్‌లో బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డుకు వోల్టేజ్ చాలక ఆఖరి మలుపులో బొమ్మ తడబడిందనీ చెబుతాడు. పోయిన వారం ఆ మాట మళ్ళీ విని బావమరిదికి ఒళ్ళు మండింది. ఈసారి ఓడినవాడు మీసం తీసేయాలన్నాడు. బావ ఆవేశంలో సరేనన్నాడు.

కాలేజీ రోజుల నుంచి పెంచుకున్న మీసం అది. పెళ్ళి ఫొటోలో ఆయనకంటే అదే బాగా పడింది. దుకాణానికి వచ్చేవాళ్ళు కొత్త కళ్ళజోడు పెట్టుకుని ముందు ఆయన మీసం చూసి, ఆ తర్వాతే అద్దంలో తమ మొహం చూసుకుంటారు. అది లేకుండా కౌంటర్ వెనక నిలబడే ధైర్యం ఆయనకు లేదు. వారమంతా అన్నం సయించలేదు.

కార్డుతో పాటు ఒక ప్రోగ్రాం వచ్చింది. అది తెరిస్తే తెర మీద ఒక గీత, దాని మీద అటూ ఇటూ జరిపే బొత్తం కనిపిస్తాయి. దాన్ని వోల్టేజ్ స్లైడర్ అంటారు. బొత్తం కుడికి జరిపేకొద్దీ కార్డుకు వోల్టేజ్ పెరుగుతుందని పక్కనే రాసి ఉంటుంది. ఒక హద్దు దాటితే గీత ఎర్రబడి, ఇకమీదట ఏం కాలినా మాకు సంబంధం లేదని హెచ్చరిస్తుంది. బావ ఇన్నాళ్ళూ కొంచెం కొంచెంగా జరుపుతూ ఆ హద్దు దాకా వచ్చి ఆగాడు. జరిపిన ప్రతిసారీ బొమ్మలో తేడా తెలిసిందట. స్కోరులో మాత్రం ఏ తేడా లేదే అని బావమరిది అంటే, పొద్దస్తమానం జనం కళ్ళు పరీక్షించేవాడికి నువ్వా చెప్పేదని కొట్టిపారేశాడు.

ఇవాళ ఆ హద్దు దాటడానికి సిద్ధమయ్యాడు. ముందుగా కంప్యూటర్ పెట్టెలోని ఫ్యాన్లు పూర్తి వేగంలో పెట్టాడు. పెట్టె పిండిమరలా రొద మొదలుపెట్టింది.

ఆ రొదకు అత్తగారు బకెట్టు నీళ్ళతో పరిగెత్తుకొచ్చారు. కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదని కొడుకు కేకలేస్తే, బకెట్టు వదిలేసి బాల్కనీలోంచి పూలకుండీ తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. మంట లేస్తే మట్టి కుమ్మరిద్దామని. గది అప్పుడే వేడెక్కిపోయిందన్నారు. మాడు వాసన కూడా ఆవిడకే ముందు వచ్చింది, కాసేపటికి మిగతావాళ్ళకీ వచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదని ఆవిడ ఒట్టేసి చెప్పారు.

పక్కగదిలో ఆఫీసు పని చేసుకుంటున్న బావ భార్య కాఫీ కప్పుతో వచ్చి గుమ్మానికి ఆనుకుంది. పెళ్ళైన కొత్తలో ఆమె తన ఉద్యోగం సంగతులు చెప్పబోతే, బావ మధ్యలో అందుకుని తన కార్డు సంగతులు చెప్పేవాడు. అలా చాలాసార్లు జరిగాక ఆమె చెప్పడం మానేసింది.

బావ బొత్తం దాకా వచ్చి ఆగాడు. కార్డు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇల్లు కాలితే ఎలా? ఆయన భార్య వైపు దీనంగా చూశాడు.

"ఏం చెయ్యమంటావు?"

"చివరిదాకా జరిపెయ్యండి," అంది ఆమె కాఫీ ఊదుకుంటూ. "ఏం కాదు."

తనను నమ్మే మనిషి ఈ ఇంట్లో ఒకరైనా ఉన్నందుకు ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ కళ్ళు గట్టిగా మూసుకుని బొత్తాన్ని చివరిదాకా లాగేశాడు.

గీత ఎర్రబడింది. ఏదీ పేలలేదు. కళ్ళు తెరిచి చూస్తే తెర మీద రోడ్డు నున్నగా, ఎక్కడా తడబడకుండా పరుగెడుతోంది. ఇంత చక్కటి బొమ్మ తన జన్మలో చూడలేదన్నాడు బావ. అత్తగారికీ తేడా స్పష్టంగా కనిపించింది, కళ్ళజోడు వంటగదిలో మర్చిపోయి వచ్చినా సరే.

రేసు మొదలైంది. బావ జన్మలో లేనంత నిబ్బరంగా నడిపాడు. బావమరిదికి మాత్రం ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను ఎదురుగా రొద చేస్తున్న పెట్టె మీద. అది పేలితే ఎటు దూకాలా అన్న ఆలోచనే అతనికి సరిపోయింది. ఆఖరి మలుపు దగ్గర అత్తగారి కుండీలోంచి మట్టిబెడ్డ ఒకటి టప్పున నేల మీద పడింది. బావమరిది బల్ల కిందికి దూరాడు. అతని కారు వెళ్ళి గోడను గుద్దుకుంది. బావ కారు దాన్ని దాటుకుని ముందుగా ముగింపు గీత చేరింది.

పందెం పందెమే. సాయంత్రం బావమరిది అద్దం ముందు నిలబడి మీసం గీసేసుకున్నాడు. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ తల్లికి కొడుకు పసితనం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బావ తన మీసం మెలేస్తూ, ఇందులో తన గొప్పేం లేదనీ అంతా వోల్టేజ్ మహిమేననీ వినయంగా చెప్పుకున్నాడు. వెళ్ళేముందు బావమరిది గొంతు తగ్గించి, ఆ ప్రోగ్రాం తన కార్డుకు కూడా ఎలా పెట్టుకోవాలో అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు బావ భార్య ఆఫీసులో తన సీట్లో కూర్చోగానే మేనేజరు వచ్చి, "మీరు తయారుచేసిన ఆ వోల్టేజ్ స్లైడర్‌ని అసలు కార్డుకు కలపనే లేదు కదా, ఈ నెలలోనైనా కలుపుతారా?" అని అడిగితే, "తొందరేం లేదండీ, వాడేవాళ్ళు బాగానే పనిచేస్తోందంటున్నారు," అంది ఆమె.