ముందా, తర్వాతా?

"ఈసారి కూడా వాయిదా వేశారంటే ఇక నావల్ల కాదు లొరెటా గారూ!" డ్వేన్ ట్రక్కు స్టీరింగ్‌ని అరచేత్తో చరిచాడు. "ఎన్నిసార్లు తిప్పుతారు మనల్ని లెక్సింగ్టన్ కోర్టుకి? అదీ ఒక్క కుక్క కోసం!"

"నేను బస్సులో పోతానన్నానుగా నాయనా."

"ఆ మోకాళ్లతో మిమ్మల్ని బస్సెక్కిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా? ఇంకో కుక్కని తెచ్చుకోవచ్చుగా!"

"వద్దు. నేను చెప్పాలి, వాళ్లు వినాలి. అంతే."

పక్కింట్లోకి అద్దెకు దిగినప్పటినుంచీ డ్వేన్‌కి ఇదే గోల. లొరెటా పిట్‌మన్‌కి డెబ్బై దాటాయి. ఆమె గోధుమరంగు కుక్క డూలీ ఎవరో పిల్లవాణ్ణి కరిచిందని, డ్వేన్ వాళ్లు ఆ వీధికి రాకముందే, అక్కడి జిల్లా పాలన చూసే కౌంటీవాళ్లు పట్టుకెళ్లారు. ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. డ్వేన్ దాన్ని ఎన్నడూ చూడలేదు కానీ, ఆమె చెప్పగా చెప్పగా దాని చెవుల తీరు కూడా అతనికి తెలిసిపోయింది.

కోర్టులో కౌంటీ లాయరు విసుగ్గా లేచాడు. "ప్రతి కుక్కకీ ముందు విచారణ అంటే మావల్ల అవుతుందా? తర్వాత వింటాం. పొరపాటని తేలితే పరిహారం ఇస్తాం. ఇంకేం కావాలి?"

"నాన్చకండి," అంది జడ్జి. "నేను తూచాల్సినవి మూడే. ఈమె పోగొట్టుకునేది ఎంత? వినకపోతే పొరపాటు జరిగే వీలెంత? ముందే వింటే మీకు భారమెంత?"

"చాలా భారం! ఈలోపు కుక్క ఇంకొకర్ని కరిస్తే?"

"వినేదాకా బోనులో పెట్టిన కుక్క ఎవర్ని కరుస్తుంది?"

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. జడ్జి లొరెటా వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

లొరెటా కుర్చీ పట్టుకుని నిలబడింది. "మా వీధిలో అదే రంగు కుక్క ఇంకోటి ఉందమ్మా. అడిగుంటే చెప్పేదాన్ని. మా ఆయన పోయాక, ఇంట్లో నేను మాట్లాడితే తలెత్తి చూసేది డూలీ ఒక్కటే."

జడ్జి అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. ముందే వినాల్సింది. కౌంటీ చేసింది తప్పు. ఇకమీద యజమాని మాట వినకుండా ఏ కుక్కనీ ఏమీ చేయకూడదు.

డ్వేన్ బల్ల మీద నుంచి లేచి ఈల వేయబోయి, జడ్జి చూపు తగిలి ఆగాడు. ఇన్నాళ్ల చిరాకూ ఎటు పోయిందో పోయింది. ఆమెను దాదాపు మోసినట్టే తెచ్చి ట్రక్కు ఎక్కించాడు.

"బెల్టు పెట్టుకోండి, త్వరగా! కుక్కల షెల్టరు సాయంత్రం మూసేస్తారు. దానికి తినడానికి దార్లో ఏదైనా కొందాం. ఏం ఇష్టం దానికి?"

లొరెటా అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "నీకు తెలుసనుకున్నాను నాయనా," అంది మెల్లగా.

"ఏంటి తెలిసేది?"

"పట్టుకెళ్లిన మర్నాడే చంపేశారు."