పిండిమర పైన గోల

అర్జీకి ముప్పై ఒక్క సంతకాలు వచ్చేశాయి. కారణం ఒక్కటే ఇంకా దొరకలేదు.

పిండిమర పైగదిలో ఆదివారం ఆదివారం క్రైస్తవుల ప్రార్థన జరుగుతోంది. అది వీధికి గిట్టలేదు. గిట్టకపోవడం ఆఫీసుల్లో చెల్లదని రిటైర్డు హెడ్ గుమస్తా తేల్చేశారు. ముప్పై ఏళ్ళు అర్జీలు చదివిన మనిషి. ఏది నిలుస్తుందో, ఏది బుట్టలో పడుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"గోల అని రాద్దాం. గోల భరించలేకపోతున్నాం అంటే ఏ ఆఫీసరైనా కదిలి తీరాలి," అన్నారాయన.

అందరికీ నచ్చింది. ఆ పూట నుంచి వీధిలో ప్రతి ఒక్కరికీ గోల వినిపించడం మొదలైంది. మూలింటి పిన్నికి తలనొప్పి పట్టుకుంది. పిల్లల చదువులు అటకెక్కాయి. డప్పులు, మైకులు, పూనకం వచ్చినట్టు అరుపులు అని గుమస్తాగారు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతే అర్జీ నాలుగు పేజీలైంది. చెవులు చిల్లులు పడుతున్నాయన్న మాట మాత్రం పిండిమర యజమాని సొంతంగా చేర్పించాడు. ఆయన మర మోతకి వీధి వీధంతా ఏళ్ళ తరబడి అరుచుకునే మాట్లాడుకుంటోంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అసలు ఆ మోత వల్లే పైగది ఆరేళ్ళు ఖాళీగా పడి ఉంది. కింద మర తిరిగితే పైన గిన్నెలు గంతులేస్తాయి. అద్దెకు దిగినవాళ్ళు నెల తిరక్కుండా పారిపోయేవాళ్ళు. వీళ్ళు మాత్రం నవ్వుతూ దిగారు.

వాళ్ళకు పెద్ద, బజారులో గడియారాలు బాగుచేసే ఆయన. అంతకుముందు మూడు వీధుల్లోంచి వాళ్ళను వెళ్ళగొట్టారు. ఈ గది కూడా పోతే ఇంకో గది ఇచ్చేవాడు లేడు. ఫిర్యాదు నిజమని తేలితే తాళం వేసేస్తానని, మరకీ పైగదికీ అద్దె తీసుకుంటూ వేరే ఊళ్ళో ఉండే ఇల్లుగలాయన ఉత్తరం రాశాడు. అది అందిన రోజే గడియారాలాయన గుమస్తాగారింటికి వచ్చి, చేతులు జోడించి, ఒక కాగితం అందించాడు. గుమస్తాగారు దాన్ని చదవకుండానే నాలుగు ముక్కలు చేసి ఆయన జేబులోనే కుక్కారు. ఆయన మళ్ళీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అర్జీ వెళ్ళి ఆఫీసరు వచ్చేలోపు వీధి ఊరికే కూర్చోలేదు. మెట్ల మీద కుళ్ళిన చెత్త పోశారు. వాళ్ళు వచ్చి ఊడ్చి, కడిగి, పనిలో పనిగా పక్కింటి గుమ్మం కూడా కడిగి పోయారు. కిటికీ అద్దం రాయితో పగలగొడితే చెక్కలు కొట్టుకున్నారు. వెనకనుంచి నోటికొచ్చినట్టు తిడితే తల కూడా తిప్పలేదు.

"దున్నపోతు మీద వాన కురిసినట్టే," అన్నాడు పిండిమర యజమాని. "మనమంటే లెక్కే లేదు."

ఓ రోజు మూలింటి పిన్ని కూరగాయల సంచితో సహా మురిక్కాలవ పక్కన జారిపడింది. వీధివాళ్ళు అయ్యో అంటూ నిలబడ్డారు. అటుగా పోతున్న ప్రార్థనవాళ్ళ అమ్మాయిలిద్దరు ఆమెను లేవదీసి, బండి ఎక్కించి, డాక్టరు దగ్గర కట్టు కట్టించి, ఇంట్లో దిగబెట్టారు. పిన్ని సాయంత్రానికల్లా కుంటుకుంటూ వచ్చి గుమస్తాగారి చేత ఇంకో అర్జీ రాయించింది.

"ఎవరమ్మా మీరని మూడుసార్లు అడిగాను. పేరు చెప్పడానిక్కూడా నోరు రాలేదు. ఎంత గర్వమో చూడండి," అంది.

ఒక ఆదివారం పొద్దున ఆఫీసరమ్మ చెప్పాపెట్టకుండా దిగింది. శబ్దం కొలిచే మిషను కూడా తెచ్చుకుంది. క్షణాల్లో వీధి మొత్తం పోగైంది. ఆమెకు బాగా వినపడాలని పిండిమర యజమాని మర ఆపేశాడు.

అందరూ చెవులు రిక్కించారు. పైనుంచి చిన్న అలికిడి కూడా లేదు. మిషను ముల్లు కదల్లేదు. గుమస్తాగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా తేరుకున్నారు.

"ఎవరో ఉప్పందించారు మేడమ్. మీరొస్తున్నారని తెలిసి నోళ్ళు కుట్టుకుని కూర్చున్నారు."

తను వస్తున్నట్టు తన ఆఫీసులోనే ఎవరికీ తెలియదని ఆమె అంది. పిన్ని ముందుకొచ్చింది.

"పోయిన వారం కూడా ఈ చెవులతో విన్నాను తల్లీ. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి."

ముప్పై ఒక్కమందీ అవునన్నారు. అంతమంది అవునన్నాక ఆఫీసరమ్మ కూడా మెత్తబడింది. మెట్లెక్కి తలుపు తట్టింది. ఎవరూ పలకలేదు. గుప్పిటతో బాదింది. అయినా పలకలేదు.

"చూశారా పొగరు. గవర్నమెంటు వచ్చి తలుపు కొట్టినా లేవరు," అంటూ పిండిమర యజమాని సిద్ధంగా తెచ్చిన కొత్త తాళం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. తాళం పట్టుకునే తలుపు తోసింది.

లోపల గడియారాలాయన ముందు నిలబడి చేతులు కదుపుతుంటే ఇరవై ఇద్దరు వేళ్ళతోనే పాట పాడుకుంటున్నారు. పుట్టి ఇంతవరకు ఒక్క శబ్దం విన్నవాళ్ళు గానీ, ఒక్క మాట పలికినవాళ్ళు గానీ ఆ గదిలో ఒక్కరూ లేరు.