విడిగా అమ్మబడదు

"విడగొట్టి ఇవ్వనని చెప్పానా లేదా! పట్టుకెళ్తే మొత్తం పట్టుకెళ్లమను, లేదంటే లేదు" అంది నూకరత్నం, కంప్యూటర్ క్యాబినెట్ మీద చెయ్యేసి.

స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగిన ఆమె తమ్ముడు బుల్లియ్య అలాగే ఆగిపోయాడు. గుమ్మంలో చెప్పులు విప్పి అప్పుడే లోపలికొచ్చిన దుర్గాశ్రీకి ఏం చెయ్యాలో తోచలేదు. పాలకొల్లు నుంచి రెండు బస్సులు మారి మొగల్తూరు వచ్చిందా పిల్ల.

"గ్రాఫిక్స్ కార్డొక్కటే ఇస్తామని ఫోన్లో అన్నారు కదండి" అంది బుల్లియ్యతో.

"ఆయ్, అన్నానమ్మా. ఇప్పుడూ అదే అంటన్నాను. అక్కా, ఇది కంప్యూటరే! ఏ ముక్కకాముక్క విడిగానే కొంటారు, విడిగానే అమ్ముతారు. మన యుగంధర్ కొన్నదీ అలాగేగా!"

"వాడు కలపడానికి కొన్నాడు. నువ్వు విడదియ్యడానికి కూర్చున్నావు."

యుగంధర్ ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. నెల కిందట బైక్ యాక్సిడెంట్లో పోయాడు. ఆ సంగతి దుర్గాశ్రీకి ఫోన్లోనే తెలిసింది. తెలిసే వచ్చింది కాబట్టి కాస్త సిగ్గుగానూ ఉంది. కానీ అవసరం ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? గేములకి బొమ్మలు తయారుచేసే కంపెనీ ఒకటి సోమవారంలోగా ఒక బొమ్మ చేసి, దాన్ని గేములో పరిగెత్తించి పంపమంది. నచ్చితే ఉద్యోగం. దానికోసమే ప్రాసెసర్ ఒక నెల, మదర్‌బోర్డు ఒక నెల అంటూ ఆరు నెలల్నుంచి ఒక్కోటీ ఏరి కొనుక్కుంది. గ్రాఫిక్స్ కార్డు తప్ప అన్నీ అమిరాయి. అది లేకపోతే బొమ్మ అడుగు తీసి అడుగు వెయ్యదు. కొత్తది కొనే తాహతు లేదు.

"ఆంటీగారండి, మిగతావన్నీ నా దగ్గర ఉన్నాయండి. ఆ ఒక్కటీ ఇప్పిస్తే నా పనైపోద్దండి. కావాలంటే ఇంకో వెయ్యి ఎక్కువిస్తాను" అని బతిమాలింది.

నూకరత్నం ఆ మాట విననట్టే క్యాబినెట్ అద్దంలోంచి లోపలికి వేలు చూపించింది.

"ఈ ర్యామ్ము రాజమండ్రిలో కొన్నాడు. ఈ ఫ్యాను భీమవరంలో. నువ్వడిగే కార్డు కోసమైతే మూడు నెలలు చూశాడు. బొమ్మలేసుకోడానికీ పనికిరావాలంట, ఆడుకోడానికీ పనికిరావాలంట, డబ్బులూ సరిపోవాలంట. అన్నం తింటా కూడా అదే గోల. ఇది తియ్యనా అమ్మా, అది తియ్యనా అమ్మా అని నన్నడిగేవోడు. చేపలమ్ముకునేదాన్ని, నాకేం తెలుస్తాది చెప్పు!"

దుర్గాశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. మొన్న మొన్నటిదాకా తనూ వాళ్లమ్మని అలాగే వేపుకు తింది.

"అంత ఇదైతే ఇంట్లోనే ఉంచుకోవే" అన్నాడు బుల్లియ్య.

"ఉంచితే ఈ ఉప్పుగాలికి తుప్పట్టిపోద్ది. ఎవరో ఒకరు వాడాలి."

"మొత్తం కొనే డబ్బు ఆ పిల్ల దగ్గర లేదే! తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎలాగ?"

"ఎవరడిగారు డబ్బు? కార్డుకి ఎంతిస్తానందో అంతే ఇవ్వమను. మొత్తం పట్టుకెళ్లమను."

చవగ్గా వస్తోందంటే మనిషికి ముందు పుట్టేది అనుమానమే. దుర్గాశ్రీ మెల్లిగా అడిగింది, "లోపల ఏదైనా పాడైందాండి?"

నూకరత్నం స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. కాసేపటికి తెర మీద సగం రంగులేసిన పడవ బొమ్మ ఒకటి వచ్చింది. దుర్గాశ్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా ఆగలేదు. అంత మంచి మిషను తన చేతికొస్తుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు. నూకరత్నం మాత్రం తెర వైపు చూడలేదు.

"ఒక్క మాట ఇయ్యాలమ్మా నువ్వు. దీన్నెప్పుడూ విప్పకూడదు. ఇందులోంచి ఒక్క ముక్క కూడా తీసి ఎవరికీ ఇవ్వకూడదు."

"సరేనండి" అనేస్తే పోయేది. ఇంటికెళ్లాక ఎవరు చూడొచ్చారు? బుల్లియ్య కూడా ఆవిడ వెనకనుంచి అనేయమ్మా అన్నట్టు సైగ చేశాడు. కానీ ఆ తల్లి మొహం చూస్తూ అబద్ధమాడ్డానికి దుర్గాశ్రీకి నోరు రాలేదు.

"మాటివ్వలేనండి" అంది తల దించుకుని. "రెండేళ్లు పోతే కొన్ని మార్చక తప్పదండి. తీసేసినవి ఎవరో ఒకరు కొనుక్కుంటారు. అందరం అంతేనండి."

"అంటే ఎప్పటికైనా ముక్కలు చేస్తావన్నమాట."

"ముక్కలని కాదండి. ఇంకొకళ్ల దాంట్లో పెడితే చక్కగా పనిచేస్తాయి కదండి. పారేసే బదులు అది మంచిదే కదండి!"

"పిచ్చిగానీ పట్టిందేంటే నీకు?" బుల్లియ్య విసుక్కున్నాడు. "ఉన్నమాటే చెప్పింది కదా ఆ పిల్ల! ఇంకేం కావాలి?"

నూకరత్నం తమ్ముడి వైపు తిరగలేదు. క్యాబినెట్ మీద చెయ్యి తియ్యలేదు.

"హాస్పిటల్లో డాక్టర్లు కూడా ఇదే మాట చెప్పారమ్మా" అంది. "మంచిదే కదా అని వేలిముద్రేసి, వాడి కళ్లొక ఊరు, కిడ్నీలొక ఊరు, గుండెకాయొక ఊరు పంపేశాను, ఇదొక్కటైనా అంతా ఒకచోట ఉండనీ తల్లీ."