ఒకటి మిగిలే వయసు

"మీ వయసెంతమ్మా?" అని డాక్టరు మూడోసారి అడిగాడు. లెక్కలు చెప్పి రిటైరైన మా అమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది.

చివరికి, క్లాసులో అడిగినట్టే అంది: "రెండు, మూడు, నాలుగు, దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. ఐదుతో భాగిస్తే ఏమీ మిగలదు. చెప్పండి."

వేళ్ల మీదే లెక్కేశాను. మూడింటికీ క.సా.గు. పన్నెండు. పన్నెండేడులు ఎనభై నాలుగు, ఒకటి కలిపితే... అమ్మ వయసే! పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఎనభై ఐదు!"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అంతదూరం ఎందుకెళ్లారండీ? పన్నెండు రెళ్ల దగ్గరే ఆగాలిగా. పాతికేళ్లు నాకు. తొందరగా ఇంటికి పంపించండి, ఉయ్యాల్లో నా పసిపాప లేచుంటుంది," అంటూ అరవై ఏళ్ల నా చేతిని విదిలించుకుంది.