వెనక నిలబడే మనిషి

మార్కెట్ యార్డులో కనకలత వ్యాను వెనక్కి తీస్తుంటే, దాని డొక్క మీద చరుస్తూ "రానీ, రానీ" అని అరిచే మనిషి ఇరవై ఏళ్లుగా ఆమె మొగుడు సింహాచలమే. కొత్త వ్యాను కొన్నాక ఆ పని బంపర్లోని సెన్సరుకి పోయింది.

"రండి లతగారూ, ఇంకో మూరెడు," అంటుందది నున్నటి మగ గొంతుతో.

"అలాగే బాబూ," అంటుంది కనకలత. ఇన్నేళ్లలో సింహాచలం మాటకి ఆమె ఒక్కసారీ అలాగే అనలేదు.

పైగా అది కాకి వాలినా, గోనె దారం వేలాడినా కేకలు పెడుతుంది. "ఆ గోల ఆపించవయ్యా," అని కాటావాడు విసుక్కున్నాడు. సింహాచలానికి కావలసిందీ అదే. భార్య స్టీరింగు ముందు ఉండగానే వెనక్కి వెళ్లి సెన్సరు ఆపే మీట నొక్కాడు.

"ఆపడానికి కారణం చెప్పండి," అంది సెన్సరు.

"చెవులు చిల్లులు పడుతున్నాయి."

"అసలు కారణం అది కాదని మీ గొంతే చెబుతోంది."

సింహాచలం అటూ ఇటూ చూసి బంపరు మీదికి వంగాడు. "నా పెళ్ళాం నా మాట విని వెనక్కి రావాలి. నీ మాట విని కాదు."

"మీ కారణం డ్రైవరుగారికి వినిపించాను. ఆమె సరేనంటే ఆగిపోతాను."

సింహాచలం గబుక్కున బంపరు మీంచి లేచాడు. కాసేపటికి సెన్సరు దీపం ఆరిపోయింది. కనకలత కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏవయ్యా, నీ మాట వినే వస్తున్నా. గోడకి గుద్దించావో, రేపు మళ్లీ దాన్నే పెట్టిస్తా!"