తిప్పిన చెయ్యి

"తీగ నువ్వే కోసేశావు! కొత్త మిషను వస్తే మీ పనులు పోతాయని కడుపుమంట!" ఇంజనీరు అచ్యుతరావు గొంతు చించుకున్నాడు.

"తీగకేటి బాబూ, సుబ్బరంగా ఉంది. మీరే సూసుకోండి," అన్నాడు ఎలక్ట్రీషియన్ జగ్గారావు, తల దించకుండా.

ఆ తల దించకపోవడమే అచ్యుతరావుకు ఒళ్ళు మండించింది. ఖరగ్‌పూరులో ఇందా పేట దగ్గరి కాగితం మిల్లులో ఆ రోజు విశ్వకర్మ పూజ. ఏడాదికొక్కసారి పనిచేసేవాళ్ళ ఇంటిల్లిపాదీ లోపలికొచ్చి మిషన్లు చూసిపోయే రోజు. అంతమంది ఎదుట, యజమాని దత్తబాబు ఎదుట, అచ్యుతరావు పట్టుబట్టి తెప్పించిన కొత్త కంట్రోలరు బటన్ నొక్కితే మూడు మోటార్లలో ఒక్కటే తిరిగింది. కాగితం పర్రున చిరిగింది. పరువు గంగలో కలిసింది.

"క్యా అచ్యుత్‌బాబూ, యే క్యా తమాషా హై?" అన్నాడు దత్తబాబు. ఆయన ఖరగ్‌పూరులోనే పుట్టి పెరిగాడు, తెలుగు ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమవుతుంది.

జగ్గారావు గోడమీది మూడు డ్రైవు పెట్టెల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కో పెట్టె ఒక్కో మోటారును నడుపుతుంది. కంట్రోలరు ఒకే తీగ మీద వాటిని నంబరు పెట్టి పిలుస్తుంది. ఎవరి నంబరుకు వాళ్ళే పలకాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని పొద్దున్నే అచ్యుతరావు దగ్గరుండి పెట్టెల మీది నాబులు తిప్పించి పెట్టించాడు.

"ఇదిగో, నడిమి పెట్టి కూడా తొమ్మిది మీదుంది. ఎనిమిదిని పిలిస్తే పలికేవోడే లేడు. తొమ్మిదిని పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే అరుత్తారు, ఇంకేటి ఇనబడతాది?"

"అయితే నాబు తిప్పింది నువ్వే!"

"నాబుకి కుంకం అంటుకుంది బాబూ. నా సేతులు సూడండి."

చేతులనిండా నల్లటి గ్రీజు.

"నీ వేషాలు నాకు తెలీవా?" కోపానికి కళ్ళుండవు కదా, అచ్యుతరావు బల్లమీది కాగితం లాక్కున్నాడు. జగ్గారావు తమ్ముడు గణపతిరావు కూడా ఈ మిల్లులోనే పనిచేస్తున్నాడు. అన్నదమ్ములిద్దర్నీ ఒకే దెబ్బకు బయటికి గెంటాలి!

"రాయండి," అన్నాడు జగ్గారావు. "నా పేరు మాత్రం ఎట్టకండి. తిప్పినోళ్ళు అని రాయండి. అది నానే అని తేలితే ఇప్పుడే ఎల్లిపోతాను."

"అలాగే! అదీ చూద్దాం." అచ్యుతరావు కాగితం చిరిగేలా రాసి, అందరికీ వినబడేలా చదివాడు. "నాబు తిప్పినవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళెవరికీ ఈ నిమిషం నుంచి ఈ మిల్లులో పని లేదు!"

"ఠీక్ హై," అని దత్తబాబు కింద సంతకం గీకేశాడు.

జగ్గారావు నాబును ఎనిమిదికి తిప్పి, బటన్ నొక్కాడు. మూడు మోటార్లూ కలిసి తిరిగాయి.

ఆడవాళ్ళ గుంపులోంచి ప్రసాదం పళ్ళెంతో అచ్యుతరావు భార్య సరోజాదేవి పరుగున వచ్చింది. పెట్టె వంక చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, మళ్ళీ ఎనిమిదికి తిప్పేశాడేమిటండీ! మీకు అష్టమ శని నడుస్తోందనేగా, పొద్దున బొట్టు పెడుతూ నేను దాన్ని తొమ్మిదికి మార్చింది!"